చిలుక దగ్గు

నవంబరు 14, శుక్రవారం, ఉదయం తొమ్మిది. ఇంట్లో ఉన్నది నేను, చిలుక.

సౌజన్యా,

ఆఫీసు నుంచి రాగానే చిలుక నీళ్ళ గిన్నె కడిగి కొత్త నీళ్ళు పొయ్యి. ఎంత గోల చేసినా పొద్దుతిరుగుడు గింజలు ఆరుకు మించి పెట్టకు. తరిగిన క్యారెట్ ఫ్రిజ్‌లో ఉంది. పంజరం దగ్గర అగరొత్తి వెలిగించవద్దు. నాన్‌స్టిక్ పెనం మాడనివ్వవద్దు, ఆ పొగ పక్షికి ప్రాణాంతకం.

చిలుకకు దగ్గు మందు చుక్కలు ఇక అక్కరలేదు. నిన్న మదీనాగూడలో పక్షుల డాక్టరుకు చూపించాను. ఎక్స్‌రేలో ఏ దోషమూ లేదు. ఆయన కాసేపు దాని దగ్గు విని నవ్వాడు.

"చిలుకకేం ఫికర్ లేదు సార్. గిది విని నేర్చుకున్న దగ్గు. మీ ఇంట్ల గిట్ల ఎవరు దగ్గుతున్నరు?"

నేను జవాబు చెప్పేలోపే నాకు దగ్గు వచ్చింది.

"అన్నా, చిలుక తుమ్మితే ఆటో పిలుస్తావు, నీకు దగ్గొస్తే మాత్రం వాము నములుతావు" అని మూడు నెలలుగా అంటున్నావు. నీ మాట నిజమే. ఆ దెప్పిపొడుపు ఇక ఆపు. ఈ రోజు ఛాతీ పరీక్షకు ఆసుపత్రికి వెళుతున్నాను. ఒకటి రెండు రోజులు అక్కడే ఉంచవచ్చునట.

సాయంత్రం నా గదిలోంచి దగ్గు వినిపిస్తే నేను వచ్చేశాననుకొని కంచం పెట్టకు. పంజరం అక్కడే ఉంది.

మరొక మాట. ఆసుపత్రిలో చేరే కాగితంలో దగ్గరి మనుషుల పేర్లకు రెండు గీతలున్నాయి. ఒకదానిపై నీ పేరు రాశాను. రెండోదానికి మరో మనిషి పేరు తట్టక ఖాళీగా వదిలి, సంతకం చేసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.