చలిగాలి వల్ల కాదు

అక్టోబర్ 14

ఇవాళ మూడో గైనకాలజిస్ట్. ఈ నీష్ ఊళ్లో ఇంకెంతమంది మిగిలారో! మా ఆయన ఓగ్న్యెన్‌తో కలిసినప్పుడల్లా కత్తితో కోసినట్టుంటుందని మళ్లీ మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. అంతా బాగానే ఉంది, ఓ గ్లాసు వైన్ తాగి మనసు తేలిక చేసుకోమ్మా, కొత్త పెళ్లికూతుళ్లకు మామూలేలే అన్నాడు. పెళ్లయి ఏడాదిన్నర. ఎన్నాళ్లు కొత్త? వైన్ కూడా తాగి చూశాను. నొప్పికి తలనొప్పి తోడైంది.

అక్టోబర్ 15

అత్తగారు రాద్మిలాకు, నేనేమీ చెప్పకుండానే కారణం తెలిసిపోయింది. బడి మెట్ల మీద కూర్చుంటావు కదా, రాతి చలి అండాశయాలకెక్కింది, ఇక మనవడు ఎక్కణ్ణుంచి వస్తాడు అని. ఆవిడ లెక్కలో అన్ని రోగాలకూ చలిగాలే మూలం. మోకాళ్లు దాటే ఉన్ని నిక్కరొకటి తెచ్చి మంచం మీద పెట్టింది. మా ఆయన చూసి నవ్వాడు. నవ్వకపోతే బాగుండేది.

అక్టోబర్ 23

స్లావిట్సా అనే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లాను. పొత్తికడుపు కింద అన్నిటినీ మోసే కండరాలు ఉంటాయట. నొప్పి వస్తుందన్న భయంతో అవి ముందే బిగుసుకుంటాయి. బిగిస్తే నొప్పి, నొప్పికి మళ్లీ బిగింపు. పిడికిలి బిగించి చూపించింది. ఏడ్చాను, ఒట్టి కోపంతో. ముగ్గురు డాక్టర్లలో ఒక్కడికీ ఈ మాట చెప్పడానికి నోరు రాలేదు! నేను మాత్రం? ప్రపంచంలోని జలసంధులన్నీ పిల్లలకు మ్యాపులో చూపిస్తాను, నా ఒంట్లో ఇదొకటి ఉందని తెలియదు.

పళ్లు బిగబట్టి ఓర్చుకోవడం మానమంది. ఓర్చుకున్న ప్రతిసారీ కండరం ఇంకా గట్టిగా భయం నేర్చుకుంటుందట. నొప్పి అనిపించగానే ఆగమని చెప్పు, సగం వైద్యం అదే అంది. ఆ సగమే నాకు రాదు. మొహం గోడవైపు తిప్పుకుంటాను, అంతే. ఓగ్న్యెన్‌కు ఏమీ తెలియదు. నడుం వ్యాయామానికి వెళ్తున్నానని చెప్పాను.

అక్టోబర్ 26, సాయంత్రం 4

నేల మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, కడుపు అడుగుదాకా ఊపిరి తీసి వదలాలి. సరిగ్గా సడలే సమయానికి అత్తగారు తలుపు తోసుకుని వచ్చింది. వట్టి నేల మీదా, గొడ్రాలివైపోతావే అని కేక! గొర్రెచర్మం తెచ్చి, నన్ను దొర్లించి కింద పరిచింది. ఎక్సర్‌సైజ్ చేస్తున్నా అత్తయ్యా అంటే, నీ ఎక్సర్‌సైజ్ తగలెయ్య, ముందు నడుం కప్పుకో అంది.

గొర్రెచర్మం వెచ్చగా బాగుంది. చచ్చినా ఆవిడకు చెప్పను.

నవంబర్ 5

లోపలి కండరాన్ని మెల్లగా అలవాటు చేయడానికి స్లావిట్సా సిలికాన్ గొట్టాలు ఇచ్చింది. మొదటిది చిటికెన వేలంత. నొప్పి లేకుండా వెళ్లింది! కడిగి ఆరబెట్టుకోవడానికి ఈ ఇంట్లో చోటు లేదు.

నవంబర్ 9

రాత్రి ఓగ్న్యెన్ చెయ్యి వేశాడు. ఆగమనే మాట నాలిక దాకా వచ్చింది, మింగేశాను. ఇవాళ చిటికెన వేలంతది కూడా వెళ్లలేదు. నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

నవంబర్ 21

స్లావా. ఇంటి దేవుడి పండుగ, చుట్టాలంతా దిగారు. ఉయ్యాల ఎప్పుడు కడుతున్నారని పెర్సిదా పిన్ని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్తగారు, రాతి మీద కూర్చుని చలి పట్టించుకుంది, చెప్తే వినదు అంది. ఇక బల్ల చుట్టూ అందరూ నా అండాశయాల మీద పడ్డారు. బ్రాందీతో నడుం రుద్దమని ఒకాయన. మా ఆయన తలెత్తకుండా సూప్ తాగుతున్నాడు.

చలి కాదు, ఓగ్న్యెన్‌తో కలిస్తే నొప్పి, మొదటి రోజు నుంచీ, దానికే వైద్యం చేయించుకుంటున్నాను, క్యాబేజీ చుట్టలు ఇంకెవరికైనా కావాలా అన్నాను.

ఎవరికీ అక్కర్లేకపోయింది. ఓగ్న్యెన్ మొహం పాలిపోయింది.

వంటింట్లో అత్తగారు చాలాసేపు పళ్లేలు కడిగింది. మీ మామయ్య పోయేదాకా నాకూ అంతే, అందరికీ అంతేననుకున్నాను అంది, నా వైపు చూడకుండా. ఆ వెంటనే, కిటికీ వెయ్యి, గాలి కొడుతోంది అని కసిరింది.

నవంబర్ 22

ఊరందరికీ చెప్పగలిగావు, నాకు చెప్పలేకపోయావా అన్నాడు. గోడకు అతుక్కుపోతుంటే నీ కళ్లేం చేస్తున్నాయన్నాను. ఇద్దరి మాటా నిజమే. అందుకే ఇంకా మండింది.

నవంబర్ 28

స్లావిట్సా దగ్గరికి నాతో వచ్చాడు. ఇక్కడ డాక్టర్లకు ఇచ్చుకునే కానుకలు, కాఫీ పొట్లం, బ్రాందీ సీసా పట్టుకుని. సీసా పక్కన పెట్టి వినవయ్యా అని స్లావిట్సా కసిరింది. విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

డిసెంబర్ 7, ఆదివారం

అత్తగారు చర్చికి వెళ్లింది.

నొప్పి అనిపించగానే ఆగమన్నాను. ఆగాడు. మొహంలో కోపం కోసం వెతికాను. ఆకలేస్తోందా అని అడిగాడు.

వేస్తోంది. చాలా.