నువ్వడిగిన పేరు

గద్వాల,
11-8-1996

చిరంజీవి నారాయణకు,

నాయన ఆశీర్వదించి రాయడమేమంటే, ఇక్కడ మేము క్షేమం. పోయిన రెండు ఉత్తరాల్లో ఈ మాట అలవాటు కొద్దీ రాశాను, ఈసారి నిజంగా రాస్తున్నాను. మీ అమ్మ నిన్న అడిగి మరీ జొన్నరొట్టె తిన్నది! మగ్గం మీద దుమ్ము చూసి నన్ను తిట్టింది కూడా. ఆ తిట్లకే నా కడుపు నిండిపోయింది నాయనా. షోలాపూరులో నీ మిల్లువాళ్లందరికీ మిఠాయి పంచు.

హైదరాబాదు దవాఖానలో ఆపరేషన్ అయ్యాక మళ్లీ గొట్టమెందుకని అడిగావు. క్లోమం కోసినచోట లోపల చీము పట్టింది. మళ్లీ కడుపు కోస్తారేమోనని హడలిపోయాను. కోయలేదురా! స్కానింగులో చూసుకుంటూ, చీమున్న చోటికే సూది పంపి, దాని వెంట సన్నటి గొట్టం దించారు. కొస బయట సంచికి తగిలించారు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఆ డాక్టర్ల చేతులు చల్లగుండాలి.

అప్పుడొచ్చాడు మీ మేనమామ బుచ్చన్న. పండ్లు పెట్టి పోవచ్చు కదా? సంచి వంక చూసి, "బావా, అక్క సత్తువంత సంచిలకే కారిపోతుంది. మనిషిని బతికిస్తుండ్రా, పిండుతుండ్రా?" అన్నాడు. తేలు మంత్రం కూడా రానివాడు దవాఖానలో వైద్యం చెప్పడమేంది!

నువ్వేం తక్కువ తిన్నావా? గొట్టం మూసుకుపోయేదాకా చూడని నర్సు పేరు పంపు, అర్జీ పెడతా అని రాశావు. కళ్లతో చూడనివాడివి అర్జీ ఎట్లా పెడతావురా? ఆ కొల్లాపూరు పిల్ల పూటపూటకూ గొట్టం కడిగింది. మీ అమ్మకు తల దువ్వింది. ఆమె పేరు నేను పంపను.

ఎందుకంటే గొట్టం మూసుకుపోలేదు నారాయణా. నేనే మూశాను.

బుచ్చన్న మాట నా బుర్రలో పురుగులా తొలిచింది. ఆ రాత్రి నర్సు గొట్టం కడిగి పోయాక, అందరూ కునుకు తీస్తుంటే, జేబులో ఉన్న పట్టుపోగు తీసి, దుప్పటి కింద గొట్టాన్ని వంచి దానితో ముడి వేశాను. సత్తువ ఆగుతుందనుకున్నాను. తెల్లారేసరికి మీ అమ్మ చలితో మంచం అదిరేటట్టు వణికింది. డాక్టరు ఖాళీ సంచి చూసి, "గొట్టం ఎప్పుడు కడిగినవమ్మా? పేషెంటును చంపుతవా?" అని వార్డంతా వినేటట్టు ఆ పిల్ల మీద అరిచాడు. నేను పక్కనే నిలబడ్డాను. థూ, నా బతుకు!

ఆయన పోయాక ఆమె దుప్పటి ఎత్తింది. ముడిని చూసింది, నన్ను చూసింది. కత్తెరతో కోసి, ఆ పోగు నా చేతిలో పెట్టింది.

"తాతా, గిసువంటి ముడి మాకు రాదు. మల్ల ఎయ్యకు. అవ్వ సస్తది."

అంతే. ఆమె ఎవ్వరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అందుకే ఆమె ఇప్పటికీ అందరి చేత మాటలు పడుతోంది, ఇప్పుడు నీ చేత కూడా.

బుధవారం గొట్టం తీయించడానికి హైదరాబాదు పోతున్నాం. ఏ వార్డులో ఆ పిల్ల మీద అరిచాడో, అదే వార్డులో నిలబడి డాక్టరుకు చెప్తాను. నా మీద అరవనీ. మీ అమ్మకు రేపు చెప్తాను. రొట్టె విసిరికొట్టినా సరే.

అర్జీ పెట్టే తీరుతానంటే పెట్టు. నువ్వడిగిన పేరు కింద రాశాను.

ఇట్లు,
మీ నాయన
బాలకిష్టయ్య