యాభై మీద పది

జులై 3, 1978
ఈ రోజూ బస్సు డెబ్బైలో. ఇంజను పక్క సీటు కాబట్టి మీటరు ముల్లు కనబడుతుంది. కళ్లు మూసుకున్నా కుదుపు తెలుస్తుంది. నాకు ఆరో నెల.

వెనక ఆర్టీసీ ఎర్ర బస్సు తరుముకొస్తోంది. అది ముందు గార్లదిన్నె చేరితే అక్కడి జనమంతా దానికే. అందుకే మా ప్రైవేటు బస్సు డ్రైవరు ఓబులేసు తొక్కుతాడు. మెల్లగా పొమ్మన్నాను.

"యాభై అని రాసింటారు టీచరమ్మా. అరవై దాకా పోలీసోళ్లు ఏమనరు."

నువ్వు అరవైలో లేవు, డెబ్బైలో ఉన్నావు అనబోయాను.

జులై 4
పామిడి బడి దగ్గర దిగేదాకా ముందున్న కమ్మీ వదల్లేదు. మా ఆయనతో చెప్పలేదు. చెబితే ఉద్యోగం మానెయ్ అంటారు.

జులై 6
గార్లదిన్నె ముందు రోడ్డుకు అడ్డంగా సున్నం గీత, దూరంగా ఇంకో గీత. ఈ గీత నుంచి ఆ గీతకు ఎంతసేపట్లో పోతామో పోలీసులు గడియారం పట్టి చూస్తున్నారు. ఓబులేసు దూరం నుంచే చూసి తగ్గించాడు. అయినా ఆపారు.

"యాభై ఎనిమిది. పోప్పా," అన్నాడు ఎస్సై. "పది దాకా వదుల్తాం. మా గడియారం రవ్వంత తప్పు సూపొచ్చు, నీ మీటరూ తప్పు సూపొచ్చు."

గీత దాటగానే మళ్లీ డెబ్బై. గడియారం తప్పుకని వదిలిన పది... ఓబులేసు దాన్ని తన సొత్తు అనుకుంటున్నాడు.

జులై 11
మేకలు. మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాడు— బస్సు ఆగలేదు, జారుతూనే పోయింది. రెండు మేకలు చక్రాల కింద. మేకలు తోలే ముసలామె గట్టు మీద కూలబడి మమ్మల్నే చూస్తోంది.

పక్క సీట్లో గాజులమ్మే మాబున్ని నా కడుపుకు అడ్డంగా చెయ్యి పెట్టింది. పామిడి దాకా తీయలేదు. ఆమె చేతి గాజులు పగిలి రక్తం. "ఆ దేవుడే సూసినాడక్కా."

జులై 12
రాత్రి కునుకు లేదు. స్కూలుకు సెలవు పెట్టి పోలీసు స్టేషనుకు పోయాను. ఎస్సై కూర్చోమన్నాడు.

"మీరు వదిలే పది డ్రైవర్లు ముందే వాడుకుంటున్నారు. దాని పైన ఇంకో పది," అన్నాను. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.

"నా పేరు మాత్రం..."

"సెప్పనులేమ్మా."

జులై 14
ఈసారి సున్నం గీతలు లేవు, గుర్తుకు రోడ్డు పక్క రాళ్లే. పోలీసులు కల్వర్టు పక్కన దాక్కున్నారు. ఓబులేసును కిందికి దింపారు. "ఇంకోసారి దొరికితే లైసెన్సు పోతాది."

తిరిగొచ్చి సీట్లో కూర్చుని అద్దంలో వెనక్కి చూశాడు. ఒక్కొక్కరినే. చూపు నా దగ్గర ఆగిందా?

జులై 17
నలభై. ఎర్ర బస్సు ముందు పోయింది. గార్లదిన్నెలో ఒక్కరూ ఎక్కలేదు. బడికి ఆలస్యం. ఓబులేసు నాతో మాట్లాడడం లేదు. భయం తగ్గాలి కదా... ఇప్పుడు రోడ్డును కాదు, ఆ అద్దాన్ని చూస్తున్నా.

జులై 20
ఓబులేసును తీసేశారు. కలెక్షన్ పడిపోయిందట. కొత్త డ్రైవరు కుర్రవాడు. మీటరు వైపు చూడడు. డెబ్బై ఐదు.

జులై 24
ఓబులేసు బస్సెక్కాడు— ప్రయాణికుడిగా. నా వెనక సీటు. వాళ్ల ఊరు గార్లదిన్నె వచ్చింది. దిగలేదు.

పామిడిలో నా వెనకే దిగాడు. బజారు దాటాను. వెనక చెప్పుల చప్పుడు. ఇక నడవలేక నిలబడిపోయాను.

"సెప్పింది మీరేనని తెలుసు టీచరమ్మా."

ఎవరైనా ఉన్నారేమోనని బజారు వైపు చూశాను.

"దానికి రాలేదు నేను. ఆ బస్సుకు బ్రేకులు సరిగా పడవు. మేకలు సచ్చిన పొద్దు బ్రేకు మీద నా కాలు పూర్తిగా కిందికి పోయింది. ఓనరుకు సెప్తే, ఈ నెల ఎట్లన్నా నడుపు అన్యాడు. పోలీసోళ్లు పట్టినాక మెల్లగా పోతాంటే ఎట్లో ఆపుకుంటాంటి. ఈ కొత్త పిల్లోనికి సెప్పినా, ఇనడంల్యా. మీ మాటైతే ఎస్సై ఇంటాడు. ఇంకోసారి సెప్పండి."

కోపం లేదు ఆ ముఖంలో. అతనికీ భయమే.

జులై 25
మళ్లీ స్టేషను. ఎస్సై లేడు, బందోబస్తుకు పోయాడు. కానిస్టేబుల్ అడిగాడు, "యాభై మీద ఎంత పోతాండాడు?"

"స్పీడు సంగతి కాదయ్యా. బ్రేకులు."

"అది బ్రేకు ఇన్‌స్పెక్టరు సూడాల. మా ఎస్సై వచ్చినాక రాండి."

జులై 26
బస్సు వచ్చింది. ఎక్కలేదు. బ్రేకులు బాగాలేవంట అని కండక్టరుతో అన్నాను. "బాగుండబట్టే గదా ఈడ నిల్చుకునింది," అని నవ్వాడు. అందరూ నవ్వారు.

కిటికీలోంచి మాబున్ని. "రా అక్కా, సీటు పెట్టినా."

"దిగు మాబున్నీ. ఎర్ర బస్సులో పోదాం."

"ఈ పొద్దు సంత. లేటైతే జాగా దొరకదు." కిటికీ చువ్వల మధ్య నుంచి ఆమె వేళ్లు పట్టుకున్నాను. "ఏం గాదులే అక్కా," అని విడిపించుకుంది. బస్సు కదిలింది.

ఎర్ర బస్సూ వచ్చింది. ఎందుకో అదీ ఎక్కలేకపోయాను. ఇంటికొచ్చి పడుకున్నా.

మధ్యాహ్నం దాటింది. పామిడి నుంచి తిరిగొచ్చే మా బస్సు ఈపాటికి మా వీధి చివర హారన్ కొడుతుంది, సెలవు రోజుల్లో వింటుంటా. ఇంకా కొట్టలేదు. ఆలస్యమై ఉంటుంది... మెల్లగా వస్తూ ఉంటాడేమో... రోడ్డు దాకా పోయి చూసొస్తా.