మూడో సెట్టులోనూ లేని చప్పుడు

శుక్రవారం, రాత్రి

తొలినాళ్ల జాజ్ రికార్డింగుల కొత్త బాక్స్ సెట్ వచ్చింది. ఎల్బీ నగర్‌లో ఆఫీసుకు తెప్పించుకుని, దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. అవే పాటలను శుభ్రం చేసి రీమాస్టర్ చేసిన సెట్లు కొనడం నాకిది మూడోసారి. ముందు రెండూ మరీ కడిగేశారని, పాత రికార్డు మీద ముల్లు తిరిగే ఆ 'స్స్' చప్పుడు మిగల్చలేదని నెట్‌లో జాజ్ అభిమానుల ఫోరంలో తిట్టిపోశాను. అది తీసేస్తే క్లారినెట్‌కు ఊపిరే పోతుంది మరి.

ఇవాళ్టిదీ అంతే. స్పీకరుకు చెవి ఆనించినా ఆ చప్పుడు లేదు. 'వీళ్లకసలు చెవులున్నాయా?' అని ఫోరంలో రాయడం మొదలుపెట్టాను. ఇంతలో వంటింట్లోంచి మా ఆవిడ సరోజ కేకేసింది.

"జర గా స్స్ మనే సప్పుడు తగ్గియ్యుండ్రి! పాట కన్నా గదే ఎక్కువ ఇనవడ్తుంది."

"ఏ చప్పుడు?"

గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నన్ను చూసింది. "ఏంది, మీకు ఇనవడ్తలేదా?"

రాసింది చెరిపేశాను. కాలేజీ రోజుల్లో కొన్న పాత సీడీ ఉంది, నిండా ఆ చప్పుడే. వెతికి తీసి పెట్టాను.

దాన్నీ ఎవరో కడిగేశారు.