ఆకుమడి ఫిర్యాదు, ఇంగ్లీషు జవాబు

భీమవరం దగ్గర,
జూలై 1997

చి. హైమకి మావయ్య చంద్రరావు దీవెనలు.

నువ్వు రాజమండ్రి కాలేజీలో ఇంగ్లీషు చెప్తావు గనక నీకే రాస్తున్నా. నా వరి ఆకుమడిలో నారు పండుబారిపోయింది. పక్కన భద్రిరాజు రొయ్యల చెరువు ఉప్పునీరు ఊరి వచ్చే పాడైందని మండలాఫీసులో ఫిర్యాదిచ్చాను. జవాబు ఇంగ్లీషులో తగలడింది. పోస్టుమాస్టరు కూడబలుక్కుని చదివాడు: అన్‌సబ్‌స్టాన్షియేటెడ్. అంత పొడుగు తిట్టు నేనెప్పుడూ పడలేదు. నన్ను అబద్ధాలకోరన్నారా, లేదా? అంతే చెప్పు. ఊళ్ళో నా మాటకి సాక్షిని అడిగిన మగాడు లేడు.

ఇట్లు,
చంద్రరావు

తా.క. భద్రిరాజుతో మాటలు మానేశాను. టీ కొట్లో చుట్టకి నిప్పు మాత్రం సైగ చేసి అడుగుతున్నా.

---

మావయ్య గారికి నమస్కారాలు.

అది తిట్టు కాదండీ. అత్తయ్య ఆవకాయంత మంచిది ఊళ్ళో లేదంటారు మీరు. ఎవరికీ రుచి చూపించకుండా అంటే అన్‌సబ్‌స్టాన్షియేటెడ్. తిన్నవాళ్ళు కూడా తేల్చలేకపోతే అన్‌ప్రూవ్డ్. ఇంట్లో అసలు జాడీయే లేకపోతే బేస్‌లెస్. మీకు పడింది మొదటిదే, మర్యాదైన మాట. ఆధారం చూపమన్నారంతే.

మీ మేనకోడలు,
హైమ

తా.క. ఆవకాయ సంగతి నా వరకు ఇంకా అన్‌సబ్‌స్టాన్షియేటెడే. ఓ జాడీ పంపండి.

---

హైమా,

వాళ్ళ మర్యాద నాకక్కర్లేదు. వచ్చి మట్టి పరీక్ష చెయ్యండని మళ్ళీ రాయించాను. సోమవారం వస్తారట. భద్రిరాజు కొట్లో అందరి ముందూ, "ఏవండీ చంద్రరావు గారూ, నా చెరువు వైపు మీ ఆకు పచ్చగానే ఉంది కదండీ? పోయింది కొబ్బరిచెట్ల వైపు కదా!" అన్నాడు. "నీ నీళ్ళు దొంగనీళ్ళు, చుట్టు తిరిగొచ్చాయి" అన్నాను. టీ తాగేసి చక్కాపోయాడు.

ఉంటాను,
చంద్రరావు

తా.క. మీ అత్తయ్య కూడా ఏదో అంటోంది. నేను వినిపించుకోలేదు.

---

మావయ్య గారూ,

సోమవారంలోగా అత్తయ్య ఏమంటోందో ఒక్కసారి వినండి.

హైమ

---

చి. హైమకి,

విన్నాను. "వానలకి ముందు కొబ్బరిచెట్ల మొదట్లో బస్తాడు ఉప్పు పోయించిందెవరండీ, భద్రిరాజు గారా?" అంది. చెట్లకి ఎరువుగా ఏటా వేసేదే. ఈ ఏడు ఆకుమడిని ఆ పక్కకి మార్చింది మాత్రం నేనే. వాన కడిగి మడిలో దింపింది.

కనక ఈ ఉత్తరం అందగానే ఆఫీసుకి మంచి ఇంగ్లీషులో రాయి. మట్టి పరీక్ష అక్కర్లేదనీ, వాళ్ళు మొదట ఇచ్చిన మాట మాకెంతో నచ్చిందనీ, దయచేసి అక్కడే ఉంచమనీ. ఎట్టి పరిస్థితుల్లోనూ బేస్‌లెస్ దాకా పోనివ్వకు. ఊళ్ళో తిరగాల్సినవాణ్ణి.

ఊడ్పులకి భయం లేదు. భద్రిరాజు తన మెరక చేలో మిగిలిన ఆకు బండికెత్తి పంపించాడు. తప్పెవరిదని అతను అడగలేదు, నేను చెప్పలేదు. అది అన్‌ప్రూవ్డ్ కిందకే వస్తుంది కదా?

నీ మేలు కోరే
మావయ్య

తా.క. ఆవకాయ జాడీ పంపుతున్నా. ఎలా ఉందో రాయి గానీ, ఉప్పు సంగతి మాత్రం ఎత్తకు.