గట్టు మీది కొత్త బాట

జగ్గయ్యపేట,
4-12-58

చి.ల.సౌ. భారతికి,

అరికాల్లో దిగిన ముల్లు తీయించుకున్నాను. బాగానే నడుస్తున్నాను, మీ పుట్టింట్లో ఎవరూ కంగారుపడొద్దు.

నిన్న రేంజరుగారు గట్టు మీద నేను పొదలు కొట్టి వేసిన కొత్త బాట చూడడానికి వచ్చారు. వెంట మీ అక్క మొగుడు జగన్నాథరావుగారు కిర్రుచెప్పులు వేసుకుని దిగాడు. ఆయనకి అడివిలో పనేమిటో నాకు తెలియదు. "ఈ మొక్కలు రెండేళ్లు మేకల నోట పడకపోతే అడివి దానంతటదే లేస్తుందండీ" అన్నాడు. అది దసరాకి మీ ఇంట్లో భోజనాల దగ్గర నేను చెప్పిన మాటే. అప్పుడు ఆవలించాడు. రేంజరుగారు మురిసిపోయి, "ఈ శ్రద్ధ మా గార్డులకుంటే బాగుండునండీ" అన్నారు. నేను వాళ్ల వెనకే మంచినీళ్ల మరచెంబు పట్టుకుని నడుస్తున్నాను.

గేదె ఈనిందా? పిల్లాడికి దగ్గు తగ్గిందా? ఇక్కడ చలి ఎక్కువగా ఉంది, నా పాత దుప్పటి ఎవరిచేతనైనా పంపించు. నేను వచ్చినప్పుడు వేసే పడక్కుర్చీ మీ బావకి వెయ్యొద్దు.

అత్తయ్యగారికి నమస్కారాలు, పిల్లాడికి ముద్దులు. మామయ్యగారు అడిగితే ఆ బాట వేసింది చిన్నల్లుడని చెప్పు. అడక్కపోయినా చెప్పు.

కుటుంబరావు