ఇల్లు చూపించే ఆవిడ

అక్కకు నమస్కారాలు.

కాలు ఎలా ఉంది? అమ్మ పోయాక ఇల్లు అమ్మేసి చెరిసగం తీసుకుందామంటే తలూపావు. అది నమ్మి బ్రోకర్ని పెట్టాను. ఇప్పుడు చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకీ దగ్గరుండి లోపాలు చెబుతున్నావట! మేడగది కురుస్తుందనీ, వంటింటి తలుపు వానాకాలం ఉబ్బిపోతుందనీ, పెరటిగోడ బీటలిచ్చిందనీ. వాళ్లేమో "ఇంటావిడ ఎంత మంచివారో!" అని మెచ్చుకుని మరీ వెళ్లిపోతున్నారు. అమ్మడం ఇష్టం లేకపోతే నాతో చెప్పు, దారినపోయేవాళ్లతో కాదు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. గోడ బీట సంగతి నాకే తెలీదు. నిజమేనా?

*

తమ్ముణ్ని దీవించి అక్క రాయునది.

నేను మంచం దిగక నెల దాటింది. గుమ్మం దాకా నడవాలంటే మీ బావ భుజం కావాలి. ఊరి ఆ చివరకెళ్లి ఇల్లెలా చూపిస్తానురా? ఇంటావిడంటే నేనొక్కదాన్నేనా, మా మరదలు లేదూ? ధర పడగొట్టి వాళ్లన్నయ్యకు కట్టబెట్టే ఎత్తయితే సూటిగా చెప్పు.

ఆశీస్సులతో,
మీ అక్క

తా.క. బీట నిజమే. మీ బావ స్కూటరుతో గుద్దారు. నేనూ అమ్మా ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నాం. మరి మా మరదలికెవరు చెప్పారు?

*

అక్కకు, కోపంగానే అయినా నమస్కారాలు.

నీ మరదలు ఈ ఊరు దాటలేదు. మొన్నొచ్చిన దంపతులతో ఆవిడెవరో అందట: "మెట్ల కింద పలక కదులుతుందండీ. మా వాడు ఊడిన పళ్లన్నీ అందులోనే దాచాడు, పారేయకండి" అని. ఆ రహస్యం అమ్మకొక్కదానికే తెలుసు. నీకు చెప్పేసిందన్నమాట! ఇక మాటల్లేవు, లాయరు నోటీసే.

ఇట్లు,
తమ్ముడు

తా.క. కోర్టులో పళ్ల మాట మాత్రం ఎత్తకు. ఆఫీసువాళ్లకు తెలిస్తే పరువు పోతుంది.

*

తమ్ముడూ,

నోటీసు పంపు, కాలి కట్టు కింద మెత్తగా పెట్టుకుంటాను. పళ్ల సంగతి నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలీదు.

ఉండబట్టలేక మీ బావను పట్టుకుని వెళ్లొచ్చాను. తాళం తుప్పుపట్టి ఉంది, నూనె పోస్తే గానీ తిరగలేదు. లోపల నేలంతా దుమ్ము. మా అడుగులు తప్ప ఒక్క జాడ లేదు. పిలిస్తే ఎవరూ పలకలేదు. కానీ వంటింట్లో బోర్లించిన గ్లాసులు తడిగా ఉన్నాయిరా. కుళాయి నీళ్లు ఆపించేసింది మనమే కదా!

బ్రోకర్ని అడిగాను, "తాళం తీసేదెవరయ్యా?" అని. "తాళమెక్కడుందండీ? తలుపు తడితే ఆవిడే వచ్చి తీస్తారు" అన్నాడు.

దెబ్బలాట తర్వాత. ముందు నువ్వు రా.

మీ అక్క

తా.క. మీ బావ భయపడలేదట. గేటు వేశారో లేదో చూడ్డానికే నన్ను వదిలేసి పరిగెత్తారట.

*

అక్కా,

నీ దగ్గరికి రాకుండా ముందు అక్కడికే వెళ్లాను. తాళం వంక చూడకుండా తలుపు తట్టాను.

అమ్మ తీసింది. మనం సాగనంపిన ముసలి అమ్మ కాదు, నాకంటే చిన్నది. "ఇల్లు చూడ్డానికొచ్చారా? రండి" అంది. వెనకే నడిచాను. గది గదీ తిప్పింది, ఒక్క లోపమూ దాచలేదు. చివరి గది దగ్గర తలుపుకు అడ్డంగా నిలబడి, "ఇది చూపించలేనండీ, పిల్లలు పడుకున్నారు" అంది. పడుకోలేదక్కా. లోపల నువ్వు గుసగుసగా కథ చెబుతున్నావు. నీ పక్కన నేను నవ్వాపుకోలేకపోతున్నాను.

"ఎందుకు అమ్ముతున్నారండీ?" అన్నాను ఎలాగో.

"అమ్మడమేంటండీ? పాపం ఎవరెవరో వస్తారు, చూసి మంచినీళ్లు తాగి వెళ్తారు" అంది. నాకూ ఇచ్చింది. చల్లగా ఉన్నాయి.

బయటికొచ్చి అరుగు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నోటీసు చింపేశాను. సాయంత్రం మీ ఇంటికొస్తాను. ఈ ఉత్తరం మనిషి చేత ముందు పంపుతున్నాను, ఇది ఎదురుగా చెప్పడం నా వల్ల కాదు.

నీ తమ్ముడు

తా.క. ఇల్లు అమ్మటం లేదని బ్రోకరుకు చెప్పాను. "తెలుసండీ" అన్నాడు. "ఇందాకే ఆవిడ చెప్పారు, 'మా అబ్బాయి వచ్చాడు, ఇక ఎవర్నీ తీసుకురాకు' అని."